తోకచుక్కకు దారి కలదు, వెలుగునకు పూచీ లేదు

ఫిసల్‌బండలో తలపెట్టిన వేధశాల, బేగంపేటలో కొలిచిన చుక్కలు, హైదరాబాదు కుర్రవాడు హార్వర్డులో పట్టిన ధూమకేతువు

చార్మినారునకు ఆగ్నేయదిశగా, సంతోష్‌నగర్‌కు పోవు త్రోవ పరిసరములలో, ఫిసల్‌బండ యను పేట ఒకటి కలదు. నేడు ఆ దారిన పోవువాని చూపు ఎదుటి ఆటోమీదను, ప్రక్కనుండి దూసికొనివచ్చు మోటారుసైకిలుమీదను నిలుచునే గాని పైకి లేచుట అరుదు; ఒకవేళ లేచినను అచ్చట కానవచ్చునది కేబులు తీగల చిక్కును, వీధిదీపముల వెలుగు పులుముకొన్న బూడిదరంగు నింగియును మాత్రమే. అట్టి చోట, ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరమున, ఒక నవాబు తన సొంత ఎస్టేటులో 15 అంగుళముల కటకము గల దూరదర్శినిని నిలిపి నక్షత్రములను పరిశీలింప సంకల్పించెనని చెప్పిన, ఆ పేటవాసులే నవ్వి ఊరకుందురు. ఆ నవాబు జఫర్ జంగ్. ఇంగ్లండులో చదువుకొని వచ్చినవాడు. వేటలు, విందులు, గుఱ్ఱపు పందెములు కులీనులకు నిత్యకృత్యములైన కాలమున ఆకాశముమీద మనసు పారవేసికొన్నవాడు. డబ్లిను నగరపు గ్రబ్ కర్మాగారమున రూపొందిన ఆ యంత్రమును 1901లో తెప్పించి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతి పొంది, తన వేధశాలకు నిజామియా యని నామకరణము చేసెను.

ఆయన కోరిక సగములోనే నిలిచిపోయినది. 1907లో జఫర్ జంగ్ మరణింపగా, మరుసటి సంవత్సరము వేధశాల నిజాము ప్రభుత్వము వశమైనది. ఆర్థరు చాట్‌వుడ్ అను ఆంగ్లేయుడు తొలి సంచాలకుడుగా వచ్చి, ఫిసల్‌బండను విడిచి, ఊరికి ఉత్తరముగా నున్న బేగంపేటలో గుమ్మటములు కట్టింప దొరకొనెను. ఆ 1908 సెప్టెంబరుననే మూసీ పొంగి పాతబస్తీని ముంచివేసినది. ఒకవైపు నగరము తన శవములను లెక్కించుకొనుచుండగా వేరొకవైపు చుక్కలను లెక్కించు ఏర్పాట్లు సాగుచుండినవి. యంత్రములు ఒక్కటొక్కటిగా అమరినవి గాని, ఆ 15 అంగుళముల కటకము మాత్రము బేగంపేట గుమ్మటము క్రింద కుదురుకొని పని ప్రారంభించుటకు 1922 వరకు ఆగవలసివచ్చెను. ఈ జాప్యములో ఒక చేదు చమత్కారము కలదు: ఆ నడుమనే, 1910లో, డెబ్బదియారేండ్ల కొకమారు వచ్చు హేలీ ధూమకేతువు వచ్చి, నగరవాసుల కండ్లయెదుట వెలిగి, వెడలిపోయినది.

ఆ యేడు ఆకాశమునకు విరామము లేదనవలెను. జనవరిలో ట్రాన్స్‌వాల్ గని కార్మికుల కంట మొదట పడిన వేరొక మహాధూమకేతువు పట్టపగలు సైతము కనిపించినది. ఏప్రిల్ 20న హేలీ తోకచుక్క సూర్యుని చేరువకు వచ్చినది. మే 18, 19 తేదీల నడుమ భూమి దాని వాలములోనుండి సాగిపోవునని జ్యోతిర్విదులు ప్రకటించిరి. వాలపు కాంతిని విశ్లేషించినప్పుడు సయనోజెను అను విషవాయువు జాడ కనబడుటచే, లోకమెల్ల ఉక్కిరిబిక్కిరియై నశించునను పుకారు ఖండఖండాంతరములకు ప్రాకినది. వాలమనునది మన గదులలోని గాలికంటె కోట్లరెట్లు పలుచనిదనియు, అందలి విషము ఒక చీమనైన చంపజాలదనియు ఎరిగినవారు చెప్పుచునే యుండిరి, వినినవారు కొద్దిమంది. తెలుగునాట మాత్రము ఆ భయమును తలక్రిందులు చేసిన కవి ఒకడుండెను. ఆ యేటనే వెలువడిన ‘ముత్యాల సరములు’ అను ఖండికలో గురజాడ అప్పారావు తోకచుక్కను అరిష్టముగా గాక, చిరకాలమునకు చుట్టపుచూపుగా వచ్చిన అతిథిగాను, సంఘసంస్కరణమునకు ఎత్తిన పతాకగాను భావించెను. జాతకములు చూచువారు శాంతులు చేయింపుడని చెప్పుచుండిన దినములలో, విజయనగరమున నొక రోగపీడితుడు ఇంత నిబ్బరముగా ఆకాశమును చూడగలుగుట సామాన్యమైన సంగతి కాదు.

భయమునకు మూలము అనిశ్చితి. సూర్యచంద్రుల గ్రహణములను ఘడియవిఘడియలతో ముందుగా చెప్పగలిగిన మన సిద్ధాంతులు ధూమకేతువు ఎదుట చేతులు కట్టుకొనిరి. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతుచారమునకు ఒక అధ్యాయము వెచ్చించెను. కేతువులు నూటొకటియని కొందరు, వేయియని కొందరు, అనేకరూపములు ధరించు కేతువు ఒక్కటియేయని నారదుడు చెప్పినట్లు ఆయన వ్రాసెను. అంతకంటె విలువైనది వేరొక మాట: కేతువు ఎప్పుడు ఉదయించునో, ఎప్పుడు అస్తమించునో గణితముచే తెలియుట అసాధ్యమని ఆయన నిర్మొగమాటముగా ఒప్పుకొనెను. తెలియనిదానిని తెలియదని గ్రంథస్థము చేయుట శాస్త్రకారునకు చిన్న గుణము కాదు. ఆ మాట ఇంచుమించు పండ్రెండు వందల సంవత్సరములు చెల్లినది.

దానిని తప్పించినవాడు ఎడ్మండు హేలీ. న్యూటను చూపిన ఆకర్షణసూత్రమును చేతబట్టి, పూర్వులు వ్రాసియుంచిన 24 ధూమకేతువుల మార్గములను గణించి, 1531, 1607, 1682 సంవత్సరములలో కనిపించినవి మూడును ఒక్కటేయని 1705లో ప్రకటించెను. అది 1758 ప్రాంతమున తిరిగివచ్చునని చెప్పి, తాను చూడజాలనని ఎరిగియే కన్నుమూసెను. గడువు సమీపించినప్పుడు పారిసులో క్లేరో, లాలాండ్, నికోల్ రేన్ లెపోత్ అను విదుషీమణి, మువ్వురును నెలల తరబడి కూర్చుండి, గురు శనుల ఆకర్షణచే దానికి 618 దినముల ఆలస్యము కలుగునని లెక్కకట్టిరి. 1758 క్రిస్మసు రాత్రి సాక్సనీలో పాలిచ్ అను వ్యవసాయదారుడు దానిని మొదట చూచెను. వారు చెప్పిన గడువునకు ఒక నెల ముందుగా, 1759 మార్చి 13న, అది సూర్యుని చుట్టివచ్చెను. కాగితముమీది అంకెలకు అంతరిక్షమునుండి వచ్చిన ఈ అంగీకారమునకు సాటివచ్చు ఘట్టములు శాస్త్రచరిత్రలో కొన్నియే యుండును.

ఆ లెక్క లోగుట్టు సామాన్యపాఠకునకు అందనిదేమియు కాదు. ధూమకేతువు నడచు దారిని నిర్ణయించుటకు ఆరు సంఖ్యలు కావలెను: దారి ఎంత సాగినదో చెప్పు ఉత్కేంద్రత, సూర్యునకు మిక్కిలి చేరువయగు దూరము, ఆ చేరువ సంభవించు సమయము, భూకక్ష్యాతలముతో దాని తలము వాలియున్న కోణము, ఆ తలములు ఖండించుకొను పాతబిందువు ఉన్న దిక్కు, ఆ తలములో దారి మొగము త్రిప్పియున్న తీరు. ఒక రాత్రి పరిశీలించినవానికి ఆకాశమున ధూమకేతువు నెలకొన్న చోటును తెలుపు రెండు అంకెలు లభించును. అది ఎంత దూరముననున్నదో మాత్రము ఏ దుర్భిణియు నేరుగా చెప్పదు. రాత్రికి రెండు చొప్పున మూడు రాత్రులకు ఆరు అంకెలు. ఆరు తెలియనివాటికి ఆరు తెలిసినవి. 1797లో ఓల్బర్సును, కొలదికాలమునకు గౌసును ఈ బేరమును గణితపద్ధతిగా స్థిరపరచినది మొదలు, మూడు రాత్రులు నిర్మలముగా దొరకుటయే ధూమకేతుపరిశీలకుని తొలిప్రార్థన అయినది.

రెండే దొరికిన నేమగునో మన ప్రాంతపు చరిత్రయే చెప్పును. బియేలా అను ధూమకేతువు 1846లో రెండు ముక్కలై, 1852లో కడసారి కనిపించి, అటుపిమ్మట మాయమైనది. 1872 నవంబరు 27న భూమి దాని కక్ష్యను దాటునప్పుడు యూరపుమీద ఉల్కలు వానగా కురిసినవి. గట్టింగెను నగరపు జ్యోతిర్విదుడు క్లింకర్‌ఫ్యూజ్, బియేలా భూమిని తాకి సాగిపోయినదని తలచి, అది ఇప్పుడు దక్షిణాకాశమున కిన్నరమండలపు దిక్కున ఉండవలెనని ఊహించి, మదరాసు వేధశాలాధికారియైన నార్మన్ పోగ్సనునకు తంతి కొట్టించెను. యూరపునకు కానరాని ఆ దిక్కు మదరాసునకు కనబడును. డిసెంబరు రెండవనాటి వేకువను మబ్బులు చీలిన సందున పోగ్సను నిజముగానే ఒక ధూమకేతువును చూచెను. మూడవనాడు మరల చూచెను, ఈసారి చిన్న తోకతో సహా. అంతట ఈశాన్య ఋతుపవనపు మేఘములు ఆకాశమును మూసివేసినవి. మూడవ పరిశీలన దొరకలేదు. తరువాతి గణకులు అది బియేలా కాజాలదని తేల్చిరి. అది మరి ఏదియో నేటికిని ఎవరును చెప్పలేకున్నారు. ఆ వేధశాలలో పోగ్సనునకు ప్రథమసహాయకుడైన చింతామణి రఘునాథాచారి అంతకు నాలుగేండ్ల మునుపు, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూడ నిజాము రాజ్యములోని వనపర్తికి పరిశీలకబృందముతో వచ్చినవాడు. తెలుగుసీమకు ఆధునిక జ్యోతిశ్శాస్త్రము ఇట్టి బాటసారుల వెంటనే అడుగిడినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ధూమకేతువు నిలిచిన చోటు ఇదియని చెప్పుటకు ఆకాశమున గీతలు లేవుగదా, దేనినిబట్టి కొలుతురు? పొలము విస్తీర్ణమును హద్దురాళ్ళనుబట్టి కొలిచినట్లు, ధూమకేతువు స్థానమును దాని చుట్టునున్న నక్షత్రములనుబట్టి కొలువవలెను. ఆ రాళ్ళు తామెచ్చట పాతియున్నవో ముందుగా ఖచ్చితముగా తెలిసియుండవలెను. బేగంపేట వేధశాల తన జీవితములో చేసిన ముఖ్యమైన పని ఈ హద్దురాళ్ళను పాతుటయే. 1887లో పారిసున కూడిన జ్యోతిర్విదులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి, పట్టీలుగా విభజించి, ఇరువది దాకా వేధశాలలకు పంచియిచ్చిరి. చిలీదేశపు శాంటియాగోకు కేటాయించిన పట్టీ, ఖగోళమధ్యరేఖకు దక్షిణముగా 17 నుండి 23 అంశల దాకా గలది, అచ్చట ముందుకు సాగకపోగా హైదరాబాదు దానిని స్వీకరించినది. పిమ్మట జర్మనీలోని పోట్స్‌డామ్ వంతుకు వచ్చిన ఉత్తరపు 36-39 అంశల పట్టీని సైతము ఇదియే నెత్తికెత్తుకొనెను.

8 అంగుళముల కుక్ ఛాయాగ్రాహక దుర్భిణితో రెండంశల పొడవు, రెండంశల వెడల్పు గల ఆకాశపు తునకను ఒక్కొక్క గాజుఫలకముమీదికి దింపుట, దానిపై అచ్చొత్తిన సన్నని గీతల గడులనుబట్టి సూక్ష్మదర్శిని క్రింద ప్రతి చుక్క స్థానమును కొలుచుట, ఆ కొలతలను పట్టికలకు ఎక్కించుట - ఈ పని పోకాక్ సంచాలకత్వమున 1914లో ఊపందుకొని, 1918 నుండి 1944 దాకా సంచాలకుడుగానుండిన టి. పి. భాస్కరన్ కాలమున కొనసాగి, లక్షలాది నక్షత్రముల స్థానములతో పండ్రెండు సంపుటములై వెలువడినది. నడుమ 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు దక్కినది. ఆ సంపుటములను తెరచినవానికి అంకెలు తప్ప మరేమియు కనబడవు. వాటిని వ్రాసిన గుమాస్తాల, సహాయకుల పేర్లనైన లోకము గుర్తుంచుకొనలేదు. అయినను శ్రమ వమ్ము కాలేదు. 2000లో వెలువడిన టైకో-2 అను నక్షత్రపట్టికలో, హిపార్కస్ ఉపగ్రహపు కొలతలను ఈ పాతకొలతలతో సరిపోల్చియే, శతాబ్దకాలములో ఒక్కొక్క నక్షత్రము ఎంత జరిగినదో నిర్ణయించిరి. ఉపగ్రహము ఎంత నిశితముగా కొలిచినను, నూరేండ్లనాటి ఆకాశమును అది చూడజాలదు. బేగంపేట గాజుఫలకములు చూచియుండినవి.

ఈ అంకెల నడుమ పెరిగిన బాలుడొకడు కలడు. కేరళమునుండి వచ్చి నిజామియా వేధశాలలో సహాయకుడుగా కుదిరిన బాపుగారి కుమారుడు వేణు బాపు. 1927 ఆగస్టు 10న మదరాసులో పుట్టినను, పెరిగినది, చదివినది హైదరాబాదులోనే. ఇతరుల పిల్లలు సాయంత్రములందు బంతియాటకు పోవు వయసున తండ్రి పనిచేయు గుమ్మటము చెంత తిరుగాడుటచే, నక్షత్రముల వెలుగు హెచ్చుతగ్గులను కంటితో అంచనావేయు విద్య ఆతనికి చిన్ననాటనే పట్టుబడినది. నిజాం కళాశాల విద్యార్థిగా నున్నప్పుడే చంచలనక్షత్రములపై పరిశోధనపత్రములు ప్రకటించెను. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. సంస్థానము భారతసమాఖ్యలో కలిసి అప్పటికి ఏడాదియైన నిండలేదు.

ఆ సంవత్సరము జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఛాయాచిత్ర ఫలకముపై ఆతనికొక అపరిచితపు మసక కనిపించినది. దుర్భిణి నక్షత్రముల వెంట గంటసేపు మెల్లగా తిరుగుచుండగా నక్షత్రములు చుక్కలుగానే నిలిచియుండును. వాటి నడుమ స్వంతదారిన నడచునది ఏదియైన నుండినచో అలుకుకొనిపోయిన చిన్నగీతగా పడును. దానిని గీతయని గుర్తించుటకు నేర్పు కావలెను. ఫలకముమీది మరకయో, కటకములోని ప్రతిబింబమో కాదని నిశ్చయించుకొనుటకు ఓర్పు కావలెను. ఆచార్యుడు బార్ట్ బోక్, సహాధ్యాయి గార్డన్ న్యూకిర్క్ తోడుకాగా, మువ్వురి పేర్లతో బాపు-బోక్-న్యూకిర్క్ ధూమకేతువు లోకమున ప్రవేశించెను. కక్ష్యను గణింపగా అది మరల సూర్యుని దరిచేరుటకు దాదాపు 60,000 సంవత్సరములు పట్టునని తేలినది. ఆ ఆవిష్కారమునకు పసిఫిక్ ఖగోళసంఘము డానహో పతకమునిచ్చెను. తరువాత ఆయన నైనితాలు, కొడైకెనాలు, కావలూరులలో భారతీయ ఖగోళశాస్త్రమునకు గృహనిర్మాతయై, 1979లో అంతర్జాతీయ ఖగోళసమితి అధ్యక్షుడై, 1982లో గతించెను. ఆ కీర్తియంతయు వేరొక కథ. నాకు మాత్రము ఆ ఇరువదియొకటేండ్ల వాని కన్ను మిక్కిలి ఆసక్తికరము. అది బేగంపేటలో పదునెక్కిన కన్ను.

దారి సంగతి ఇంతటితో తేలినట్లే. వెలుగు సంగతి తేలలేదు, నేటికిని తేలలేదు. నక్షత్రకాంతిని తరగతులుగా విభజించుట ప్రాచీనులు చేసినదే. దానికి గణితము తొడిగినవాడు పైన చెప్పిన పోగ్సనే. మదరాసునకు రాకపూర్వము, 1856లో, ఐదు తరగతుల భేదము నూరురెట్ల కాంతిభేదమునకు సమానమని ఆయన నియమించెను. ఒక్కొక్క తరగతికి రెండున్నరరెట్ల చిల్లర. సంఖ్య చిన్నదగుకొలది చుక్క వెలుగు పెద్దది. ధూమకేతువు కాంతిని ఊహించుటకు ఒక సూత్రము వాడుకలో కలదు: భూమికి దూరము సగమైన వెలుగు నాలుగురెట్లు పెరుగును, సూర్యునకు దూరము సగమైన వెలుగు పదునారురెట్లు పెరుగును. సూర్యుని వేడికి లోపలి మంచు ఆవిరియై, ధూళిని వెంటగొని ఎగయుటచే, ప్రతిఫలించు పదార్థమే అధికమగుచుండును గనుక ఈ రెండవ లెక్క అంత తీవ్రము. సూత్రము చక్కనిదే, ధూమకేతువులు దానిని చదువుకొనలేదు.

1973 మార్చిలో కనుగొన్న కోహుటెక్ ధూమకేతువు శతాబ్దపు ధూమకేతువగునని ప్రపంచమంతట చాటింపువేసిరి. డిసెంబరు 28న అది సూర్యుని చుట్టిరాగా, చూడ ఆశపడి నిలుచున్న జనమునకు అణగారిన మసక తప్ప మిగులలేదు. సౌరకుటుంబపు అంచునుండి తొలిసారిగా వచ్చు ధూమకేతువులపై సులభముగా ఆవిరియగు వాయువుల పొర ఒకటి యుండును. అది దూరమునందే కరిగి, ఆరంభమున వెలుగు ఎక్కువగా చూపి, చేరువకు వచ్చుసరికి వట్టిపోవును. 2013 నవంబరు 28న ఐసాన్ సూర్యుని ఉపరితలమునకు పండ్రెండు లక్షల కిలోమీటర్ల లోపుగా పోయి, చెదరి, అంతరించినది. దీనికి విపరీతముగా, 2007 అక్టోబరు 24న, ఎవరును పట్టించుకొనని హోమ్స్ అను ధూమకేతువు రెండు దినములైన గడువకముందే సుమారు ఐదు లక్షల రెట్లు వెలిగి, పరశురాశిలో పసుపువన్నె చుక్కయై మామూలు కంటికి కనిపించినది. ఆ వెలుగు ఎప్పుడు పెరుగునో చెప్పినవారు లేరు. ఎక్కడ నుండునో వారమునకు ముందే చెప్పియుండిరి.

ఈ రెండు లెక్కల ఎడము తేటతెల్లమైన సందర్భము ఇటీవలిది. 2023 జనవరి 9న చీనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాలవారు, ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దుర్భిణివారు చూచుటచే సుచిన్‌షాన్-అట్లాస్ అని పేరొందిన ధూమకేతువు 2024 సెప్టెంబరు 27న సూర్యుని సమీపించినది. దాని మార్గమును ఏడాది ముందుగానే సూక్ష్మముగా గణించి ప్రకటించిరి. 2024 జూలైలో, ధూమకేతువులపై జీవితమంతయు వెచ్చించిన సెకనీనా, అది సూర్యుని చేరకముందే చిన్నాభిన్నమగుట తప్పదని వ్రాసెను. ఆయన చూపిన లక్షణములు కల్పితములు కావు. అయినను అది బ్రతికి బయటపడినది. సెప్టెంబరు చివర, అక్టోబరు తొలిదినములలో తెల్లవారుజామున తూర్పుదిక్కున హైదరాబాదువారు దాని ఛాయాచిత్రములు తీసిరి. అక్టోబరు 9 ప్రాంతమున అది మనకును సూర్యునకును నడుమగా వచ్చినప్పుడు, ధూళికణములు సూర్యకాంతిని ముందునకే చిమ్ముటచే, దాని వెలుగు శుక్రునితో పోటీపడునంతటిదైనది. చిత్రమేమన, ఆ దినములలో అది సూర్యుని ప్రక్కనే యుండుటచే చూడ వీలైనది ఉపగ్రహములకే. 12న భూమికి ఏడు కోట్ల కిలోమీటర్ల చేరువకు వచ్చి, సంధ్యలో పడమట తేలెను.

సంధ్యలో పడమట వెదకు విద్య పాతబస్తీకి క్రొత్తది కాదు. షాబాన్ మాసపు 29వనాటి సాయంకాలమున డాబాలెక్కి, సూర్యుడు క్రుంకిన తావునకు ఏ ప్రక్కన, ఎంత ఎత్తున నెలపొడుపు తోచునో పెద్దలు పిల్లలకు చేయిచాచి చూపుదురు. దిక్చక్రపు మసకనుండి, కరిగిపోవుచున్న సంధ్యాకాంతినుండి, నిలిచియుండు కొన్ని నిమిషములలోనే ఒక సన్నని వెలుగును వేరుచేయుట వారికి తరతరముల అభ్యాసము. సూర్యునకు దగ్గరైన ధూమకేతువును పట్టుటకును ఇదియే నేర్పు, ఇవే నిమిషములు. పైగా 17 అంశల అక్షాంశముననున్న ఈ నగరమునకు ఒక సౌకర్యము కలదు: ఇచ్చట సూర్యుడు నిటారుగా దిగును, అస్తమయమైన గంటంబావు మొదలు గంటన్నర లోపున పూర్తి చీకటి పడును. లండనువాసి వేసవి సంధ్యలో ఎదురుచూచి అలసిపోవుచుండగా, మనకు ఆకాశము తొందరగా నల్లబడును. ఆ నలుపును విద్యుద్దీపములు మింగివేయుచున్నవన్నది నిజమే. నడినెత్తిన నాల్గవతరగతి నక్షత్రమును చూడగలిగినవాడు చార్మినారు చుట్టుప్రక్కల అదృష్టవంతుడు. మీరాలం చెరువు గట్టునకు పోయినను లాభము స్వల్పమే.

అయినను వెలుగు కొలుచుటకు మహాయంత్రములు అవసరము లేదు. సాధారణమైన 10×50 బైనాక్యులరుతో ధూమకేతువును చూచి, దాని పొగపువ్వు వంటి శిరస్సు ఎంత పరిమాణమో గుర్తుంచుకొనవలెను. పిమ్మట సమీపమున తరగతి తెలిసిన నక్షత్రములను చూచుచు, కటకపు మరను త్రిప్పి, చుక్క ఉబ్బి ధూమకేతుశిరస్సంత విస్తరించువరకు మసకబార్చవలెను. అప్పుడు రెండును సమానవైశాల్యము గల మసకలగును గనుక పోల్చుట న్యాయమగును. ఒకటి ధూమకేతువుకంటె ప్రకాశవంతమును, వేరొకటి మందమును అగు రెండు చుక్కలను ఎంచుకొని, వాటి నడుమ ఇది ఎన్నవ వంతున నిలుచునో నిర్ణయించి, తేదీతోను వేళతోను వ్రాసికొనవలెను. దిక్చక్రమునకు చేరువయైన ధూమకేతువును నడినెత్తి చుక్కతో పోల్చరాదు. క్రిందికి దిగినకొలది గాలి, ధూళి కాంతిని హరించును. ఈ చిన్ననియమములతో నలుగురు చేసిన అంచనాలు పదవవంతు తరగతికి అటునిటుగా ఏకీభవించుట నేను చూచియున్నాను. ఏకీభవింపనప్పుడు సాధారణముగా కారణము ఎదురింటి ఎల్‌ఈడీ దీపమే.

నగరపు వెలుగును తప్పించుకొనుటకు వేధశాలవారు సైతము ఊరు విడువవలసివచ్చినది. బేగంపేటలో విమానాశ్రయము వెలసి, చుట్టును ఇండ్లు లేచిన పిమ్మట, అక్బర్ అలీ సంచాలకత్వమున 48 అంగుళముల క్రొత్త దుర్భిణికై యోచన సాగినది. అది నగరమునకు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరమున జాపాల-రంగాపురమున 1968లో నిలిచినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ ఆ చోటిమీదుగానే పోయినది. 1985 సెప్టెంబరు 8న నౌబత్ పహాడ్‌మీద బిర్లా నక్షత్రశాలను నాటి ముఖ్యమంత్రి ఎన్. టి. రామారావు ప్రారంభించెను, మరికొన్ని నెలలకే, 1986 ఫిబ్రవరి 9న, హేలీ మరల సూర్యుని చేరెను. ఈ పర్యాయము అది మనకు దూరముగా, సూర్యునకు ఆవలిప్రక్కగా పోవుటచే, తాతలు చెప్పిన 1910 నాటి వైభవమును వినియుండినవారు నిరాశచెందిరి. దారి అక్షరాల చెప్పినట్లే జరిగినది. నిరాశ సైతము ముందుగా లెక్కకు అందినదే, కాని పత్రికలు దానిని అంత పెద్దక్షరములలో అచ్చువేయలేదు.

బేగంపేట ఆవరణలో నేడు ఆర్థిక సామాజిక అధ్యయనకేంద్రపు భవనముల ప్రక్కన పాత గుమ్మటము శిథిలమగుచున్నది. ఫిసల్‌బండలో నవాబు తలపెట్టిన వేధశాల సంగతి అడిగినచో చెప్పగలవాడు దొరకడు. ఆయన యంత్రము తన యౌవనమున చూడలేకపోయిన హేలీ మాత్రము తన పనిని తాను చేసికొనుచునే యున్నది. 2003లో చిలీలోని మహాదుర్భిణులు దానిని 28వ తరగతి చుక్కగా కడసారి చూచినవి. అటుపిమ్మట మానవనేత్రమునకు గాని యంత్రమునకు గాని అది అందలేదు. అయినను 2023 డిసెంబరు 9న, నెప్ట్యూనునకు ఆవల, సూర్యునకు సుమారు 526 కోట్ల కిలోమీటర్ల దూరమున, అది వెనుకకు మరలినదని ఎల్లరును నిస్సంశయముగా చెప్పిరి. తిరిగి సూర్యుని చేరువకు 2061 జూలై 28న వచ్చును. ఈసారి 1986 నాటికంటె మెరుగుగా కనబడునని అంచనా. కాని పైన చెప్పిన కారణములచే ఆ అంచనాపై పందెము కాయుటకు నేను సిద్ధముగా లేను. హైదరాబాదులో జూలై నెలాఖరు నడివానకాలము.